లెక్కలు సరేనండి, మరి కోచ్?

ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ బ్రెంట్‌ఫర్డ్ అంతా కంప్యూటర్ లెక్కలతోనే పైకొచ్చిందని మీ ఆర్టికల్లో రాసారు, సగం నిజమేనండి. 2020లో గోల్స్ కొట్టే ఫార్వర్డ్ వాట్కిన్స్‌ని ఆస్టన్ విల్లా క్లబ్‌కి అమ్మేసి పీటర్‌బరో క్లబ్ నుంచి టోనీని తెచ్చుకున్నారు, ఆ సీజన్లో టోనీ రెండో అంచె లీగ్‌లో 31 గోల్స్ కొట్టాడు, 2021లో టీమ్ అక్కడి టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌కి ఎక్కేసింది. మరి కోచ్ థామస్ ఫ్రాంక్ సంగతేటి? 2018లో వచ్చిన కొత్తలో మొదటి 10 మ్యాచుల్లో 8 ఓడిపోయాడు, ఇంకో క్లబ్బయితే పంపించేద్దురు, ఓనర్ బెన్‌హామ్ తియ్యలేదు, 2025 దాకా ఆయనే. ఆయన టోటెన్‌హామ్ క్లబ్‌కి వెళ్లాక కూడా బయటోణ్ణి తేలేదు, సెట్ పీస్ (కార్నర్, ఫ్రీ కిక్ లాంటివి) కోచ్‌గా ఉన్న కీత్ ఆండ్రూస్‌కే ఇచ్చారు. నాకు అదే అసలు తెలివి అనిపిస్తది.

ఇక్కడ శ్రీకాకుళంలో నేను ఆడిన టీమ్‌కి రెండేళ్లలో ముగ్గురు కోచ్‌లు మారారు. మొదటి సార్ లెఫ్ట్ బ్యాక్ అన్నారు, రెండో ఆయన ఫార్వర్డ్‌కి తోసారు, మూడో ఆయన బెంచీ మీద కూర్చోబెట్టారు. మొదటి సార్ ఎవరు ఎన్ని పాస్‌లు తప్పిచ్చారో నోట్‌బుక్కులో గీతలు గీసుకునేవోరు, కుడికాలివి నీలం పెన్నుతో, ఎడమకాలివి ఎర్ర పెన్నుతో. ఆయన వెళ్లిపోయాక ఆ బుక్కు స్టోర్ రూమ్‌లో పాత నెట్ల కింద పడుంది, తర్వాతొచ్చినోళ్లు ఒక్కసారి కూడా తెరవలేదండి.