పాము కొనదలచిన పెద్దలకు మనవి

ఫ్లాట్ల ధరలు చూసి బెంగపడి, బంగారం ధర చూసి నిట్టూర్చి, చివరికి పాము మీద పెట్టుబడి పెడదామని తీర్మానించుకున్న పెద్దలకు ముందుగా అభినందనలు. కాకపోతే దారికి అడ్డంగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటి పడుకుని ఉంది. కొనేముందు దాన్ని ఒకసారి పలకరించడం మర్యాద.

బజారులో అన్నిటికన్నా గిరాకీ రెండు తలల పాముకే. ఆరు నెలలు ఒక తల, ఆరు నెలలు రెండో తల పనిచేస్తాయని అమ్మేవాడు చెబుతాడు. ఇంత క్రమశిక్షణగా షిఫ్టులు నడవడం మన కార్యాలయాల్లో కూడా చూడలేదు. నిజానికి ఆ రెండో తల తోక. మొద్దుగా, తలలాగే ఉంటుంది. ఆపద వస్తే ఆ పాము తల దాచుకుని తోకను ముందు పెడుతుంది. లక్షలు పోసి కొన్నవాడు దండం పెట్టేది ఆ తోకకే. విషం లేదు, ఎవరి జోలికీ పోదు. దొరికిన ఎలుకను తిని మట్టిలో దూరి పడుకునే ఈ అమాయకురాలికి గుప్తనిధుల శాఖ అప్పగించిన ఘనత మనది. నిధి చూపించే పామును అమ్మేవాడు ఎందుకు అమ్ముకుంటున్నాడని మాత్రం అడగకండి. బేరం చెడుతుంది.

దీన్ని చట్టబద్ధంగా కొనే పద్ధతి ఏమిటి? లేదు. బతికున్నామని చెప్పుకోవడానికి కూడా ఏటా పింఛనుదారు ధ్రువపత్రం ఇచ్చే దేశంలో, మన నేల మీది పామును కొని ఇంట్లో పెంచుకోవడానికి ఒక్క ఫారం కూడా లేదు. నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, ఏదైనా అంతే. కొండచిలువ లాంటి మొదటి షెడ్యూలు (చట్టం అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చే జాబితా) జీవితో దొరికితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. జరిమానా 2022 సవరణకు ముందు 10 వేలకు తగ్గకూడదనేవారు, ఇప్పుడు 25 వేలకు తగ్గకూడదు. ధరలు పెరగనిది ఎక్కడ!

39వ సెక్షను మరీ ముచ్చటైనది. పట్టుకుని ఉంచుకున్న వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి, చచ్చి దొరికినా ప్రభుత్వ ఆస్తే. అది చేతికి చిక్కిన 48 గంటల్లో పోలీసు స్టేషనులోనో, అధీకృత అధికారికో చెప్పాలి. అంటే స్నానాల గదిలో బకెట్టు వెనక బుస కొడుతున్నంతసేపూ అది మీ సమస్య, డబ్బాలో పడగానే సర్కారు సొత్తు. చెరువులూ గుట్టలూ కూడా సర్కారువే కదా, వాటి మీద ఇంత పట్టింపు లేదేమని గిట్టనివారు అడుగుతారు. చెరువుకు కోరలుంటే కథ వేరుగా ఉండేది.

నాగుల చవితికి బుట్టలో వచ్చే పాము సంగతీ చెప్పాలి. కోరలు పీకి, ఒక్కోసారి నోరు కుట్టి, రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండబెడితే, అది దాహానికి పాలు తాగుతుంది. పాలు దాని ఆహారం కాదు. ఆ బుట్ట కూడా నేరమే. ఇక్కడ నాకు హాస్యం రావడం లేదు, ముందుకు వెళదాం.

దేశవాళీ కుదరకపోతే విదేశీ సరుకుంది. బాల్ పైథాన్ ఆఫ్రికా జీవి, భయపడితే బంతిలా చుట్టుకుపోతుంది. వన్యజీవుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో దాని పేరుంది. ఇలాంటి వాటిని పెంచేవారికి 2020లో కేంద్రం ఒక అవకాశం ఇచ్చింది: ఆరు నెలల్లో మీ అంతట మీరు చెబితే, ఎక్కడిదని కాగితాలు అడగం. నల్లధనానికి దక్కిన గౌరవం చారల పాములకూ దక్కింది. తర్వాత 2022 సవరణ, దాని వెంట 2024 నియమాలు వచ్చాయి. ఇప్పుడు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు తప్పదు. పిల్లలు పుడితే చెప్పాలి, చేతులు మారితే చెప్పాలి, పోతే చెప్పాలి. ఇంటి అల్లుడి గురించి కూడా ఇంత సమాచారం ఎవరూ సేకరించరు.

ఇక రవాణా. విదేశం నుంచి తేవాలంటే దిగుమతి అనుమతి, సైట్స్ పత్రాలు, పశువైద్య తనిఖీ కావాలి. విమానంలో జీవాలకు పెట్టె ఎలా ఉండాలో, గాలి ఎలా ఆడాలో విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ నిబంధనల్లో రాసి ఉంది. ఇంత చదివే ఓపిక లేనివారు పాములను గుడ్డ సంచుల్లో కట్టి, సూట్‌కేసులో బట్టల మధ్య సర్ది, బ్యాంకాక్ నుంచి చెన్నైలో దిగుతారు. కన్వేయర్ బెల్టు మీద సామాను కదిలితే అనుమానించని కస్టమ్స్ వారు, సామానులోంచి ఏదో కదిలితే మాత్రం ఆగి చూస్తారు. ప్రయాణికుడిని అరెస్టు చేసి, పాములను వచ్చిన దేశానికే విమానంలో తిప్పి పంపిన సందర్భాలు ఉన్నాయి. ఆ తిరుగు ప్రయాణానికి మాత్రం వాటికి సరైన పెట్టె, సక్రమమైన పత్రాలు ఉంటాయి. ఖర్చు తెచ్చినవాడిది.