అనంతపురంలో ఎర్ర మేపుల్ నీడ: ఆ ప్రకటనలో నిజమెంత?

కొన్ని వారాలుగా అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన తిరుగుతోంది. దారికి రెండు పక్కలా కుంకుమ రాశులు పోసినట్టు ఎర్రబడిన చెట్ల ఫొటో, దాని కింద ఈ మాటలు: "ఆటమ్ బ్లేజ్ మేపుల్. అమెరికాలో కొత్తగా తయారైన నీడచెట్టు. ఎండాకాలంలో ఆకులన్నీ ఎర్రగా మారి చల్లని నీడనిస్తాయి. రాయలసీమ ఎండలకు సరిగ్గా సరిపోతుంది, నీళ్లు పెద్దగా అక్కరలేదు. మూడేళ్లలో ఇంటిని కమ్ముకుంటుంది. మొక్క, విత్తనాల ప్యాకెట్టు రెండూ దొరుకును." మా వీధిలో ముగ్గురు నన్ను దీని గురించి అడిగారు. వారిలో ఒకాయన అడిగే సరికే 1,800 రూపాయలు కట్టేసి, ఇంటి ముందు గుంత కూడా తవ్వించి ఉన్నారు. ఆ చెట్టు కల్పితమేమీ కాదు, దాని అందమూ అబద్ధం కాదు. దానిని మన ఊళ్లకు అంటగట్టడానికి చెప్పిన మాటలనే ఒక్కొక్కటిగా పరిశీలించవలసి ఉంది.

"కొత్తగా తయారైనది" అన్న మాట పెద్ద నేరం కాదు గాని, నిజం కూడా కాదు. ఎర్ర మేపుల్, వెండి మేపుల్ అనే రెండు జాతులను ఒలివర్ ఫ్రీమన్ అనే శాస్త్రజ్ఞుడు 1933లో సంకరపరిచారు. అందుకే ఈ సంకరాలన్నిటినీ ఫ్రీమన్ మేపుల్ అంటారు. ఆ వర్గానికే చెందిన ఆటమ్ బ్లేజ్‌ను అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో గ్లెన్ జెఫర్స్ అనే ఆయన ఎంపిక చేయగా, 1982లో దానికి అక్కడ మొక్కల పేటెంటు లభించింది. అంటే నలభై ఏళ్లు దాటిన రకం. నలభై ఏళ్లుగా ఉన్న చెట్టు మన దారుల వెంట ఎందుకు కనిపించడం లేదన్న ప్రశ్న కొనేవారికి రాకూడదనే "కొత్తగా" అన్న మాట వేశారేమోనని నా అనుమానం.

అసలు విషయం ఎరుపు. "ఎండాకాలంలో ఎర్రని నీడ" అన్న మాట అనంతపురంలోనే కాదు, ఒహాయోలో కూడా అబద్ధమే. అక్కడ వేసవి అంతా ఈ చెట్టు ఆకుపచ్చగానే ఉంటుంది. అక్టోబరులో రెండు మూడు వారాలు ఎర్రబడి, ఆ తరువాత మోడువారుతుంది. ఆ ఎరుపు ఎలా వస్తుందో తెలిస్తే ఇక్కడ ఎందుకు రాదో కూడా తెలుస్తుంది. పగటి వేళ తగ్గుతున్నకొద్దీ చెట్టు ఆకులోని పత్రహరితాన్ని విరిచి, అందులోని పోషకాలను కొమ్మల్లోకి లాగేసుకుంటుంది. అప్పటిదాకా పచ్చదనం మాటున దాగిన పసుపు వర్ణకాలు బయటపడతాయి. ఎరుపు మాత్రం దాగి ఉన్న రంగు కాదు. ఆంథోసయనిన్ అనే వర్ణకాన్ని ఆకు తనలో మిగిలిన చక్కెరలతో అప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది. దానికి పగలు నిర్మలమైన ఎండ, రాత్రి మంచు గడ్డకట్టేంత కాకపోయినా గట్టి చలి, రెండూ కావాలి. రాత్రి వెచ్చగా ఉంటే ఆ చక్కెరలు శ్వాసక్రియలోనే ఖర్చయిపోతాయి.

ఒహాయోలో జూన్‌లో పదిహేను గంటలుండే పగలు డిసెంబరు నాటికి తొమ్మిది గంటల చిల్లరకు తగ్గుతుంది. అనంతపురంలో ఏడాదిలోకెల్లా పొడవైన పగటికీ, పొట్టి పగటికీ మధ్య తేడా రెండు గంటలకు మించదు. పుష్య మాసపు రాత్రుల్లో కూడా ఇక్కడి చలి సాధారణంగా పదిహేను డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. ఆకును ఎప్పుడు రాల్చాలో చెట్టుకు చెప్పే సంకేతాలు రెండూ ఇక్కడ బలహీనమే. పైగా, ఈ రకాన్ని ఎంపిక చేసింది మొగ్గలు నెలల తరబడి మంచులో నిద్రపోయి వసంతంలో లేచే ప్రదేశాల కోసం. ఆ నిద్ర లేని చోట చిగురు సరిగా రాదు. చెట్టు ఏడాదికేడాది నీరసిస్తుంది.

"ఎండలకు సరిపోతుంది, నీళ్లు అక్కరలేదు" అన్న మాటను మన రైతు ఎవరూ నమ్మకూడదు, ఎందుకంటే దీని పుట్టుకే దానికి ఎదురు సాక్ష్యం. తల్లిదండ్రులలో వెండి మేపుల్ నది ఒడ్డుల చెట్టు. ఎర్ర మేపుల్ బురద నేలల్లో కూడా నిలిచే చెట్టు. రెంటికీ వేళ్లు పై మట్టిలోనే పరచుకుంటాయి. ఒహాయోలో ఏడాదికి ఇంచుమించు 1000 మిల్లీమీటర్ల వాన అన్ని నెలలకూ పంచినట్టు కురుస్తుంది. అనంతపురం సగటు 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంది, అది కూడా ఎక్కువగా జూన్‌కూ నవంబరుకూ మధ్యనే. వేసవిలో 40 డిగ్రీలు దాటిన వడగాలికి పలుచని వెడల్పాటి ఆకు తన అంచులకు నీరు అందించలేదు. అంచుల నుంచి మాడుతూ వస్తుంది. రోహిణి కార్తెలో ఎవరికైనా తమ మేపుల్ మొక్క ఎర్రగా కనిపిస్తే అది మాడిన రంగే అయి ఉంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని న్యాయంగా ఒప్పుకోవాలి. ఎర్ర మేపుల్ ఉష్ణ ప్రాంతమైన ఫ్లోరిడాలో కూడా అడవిచెట్టుగా పెరుగుతుంది గదా అని ఒక మిత్రుడు అడిగారు. పెరుగుతుంది, నిజమే. అయితే అక్కడ అది ఎక్కువగా చిత్తడి నేలల చెట్టు, అక్కడి వాన ఏడాదికి 1300 మిల్లీమీటర్ల పైమాట, పైగా తరతరాలుగా ఆ వేడికి అలవాటు పడిన దక్షిణపు వంశం. ఉత్తరాది చలికి ఎంచిన ఆటమ్ బ్లేజ్‌కు ఆ వాదన ఆసరా కాలేదు.

నేల సంగతిని ఆ ప్రకటన తలచనే లేదు గాని, నా దృష్టిలో అన్నిటికంటే గట్టి అడ్డంకి అదే. కడప బండలు, బేతంచెర్ల బండలు, తాడిపత్రి బండలు అని మనం ఇళ్లలో పరచుకునేదంతా సున్నపురాయి. ఆ రాతి మీద, దాని చుట్టుపక్కల ఉన్న నేలల్లో సున్నం పాలు ఎక్కువ, క్షారగుణమూ ఎక్కువే. మేపుల్‌కు కావలసింది కొద్దిగా ఆమ్లగుణమున్న మట్టి. క్షార నేలలో మాంగనీసు ఉన్నా వేళ్లు దానిని తీసుకోలేవు. ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పాలిపోతుంది. సున్నం నేలల్లో వేరుశనగ ఇలాగే ఇనుప ధాతు లోపంతో పసుపు తిరగడం, దానికి అన్నభేది పిచికారీ చేయడం మన రైతులకు కొత్త కాదు. ఒక పంటకు ఒకటి రెండు పిచికారీలు చేయవచ్చు. యాభై అడుగుల చెట్టుకు జీవితాంతం ఎవరు చేస్తారు?

మూడేళ్ల లెక్క గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అనుకూలమైన నేలలో, చలి దేశంలో, ఇది ఏడాదికి మూడు అడుగుల దాకా ఎదుగుతుంది. చెట్లలో అది మంచి వేగమే. ఆ వేగంతోనైనా చిన్న మొక్క మూడేళ్లలో పెరిగేది తొమ్మిది అడుగులు. ఇంటిని కమ్ముకోవడం మాట అటుంచి, వరండా మెట్లకైనా నీడ చాలదు.

విత్తనాల ప్యాకెట్టు మాత్రం శుద్ధ మోసం. సంకర రకాన్ని యథాతథంగా నిలుపుకోవాలంటే కొమ్మ కత్తిరింపులో, అంటో, కణజాల వర్ధనమో (టిష్యూ కల్చర్) కావాలి. బేనిషా మామిడి టెంకను పాతితే బేనిషాయే వస్తుందన్న హామీ లేదని కడప జిల్లాలో చిన్న పిల్లవాడైనా చెబుతాడు. అదీగాక ఆటమ్ బ్లేజ్ దాదాపుగా విత్తనాలే కట్టదు. కట్టని విత్తనాన్ని ప్యాకెట్టులో ఎలా నింపారో అమ్మినవారే చెప్పాలి. విదేశీ విత్తనం గాని మొక్క గాని మన దేశంలోకి రావాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, పంపిన దేశం ఇచ్చిన సస్య ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. వాటి నకళ్లు పంపమని డబ్బు కట్టిన మా వీధి పెద్దమనిషి చేత అమ్మినవారిని అడిగించాను. ఆ రోజు నుంచి వారి ఫోన్ నంబరు పలకలేదు.

ఎర్రని ఆకుల మీద మోజును నేను తప్పుపట్టను. అయితే మన దగ్గర ఆ రంగు వేరే వేళకు వస్తుంది. మన చెట్లు ఆకు రాల్చేది శిశిరంలో, చలికి కాక నేల ఆరిపోవడం వల్ల. రంగు రాలే ఆకులో కంటే కొత్తగా వచ్చే చిగురులోనే ఎక్కువ. లేత ఆకును తీవ్రమైన ఎండ నుంచి కాపాడడం ఆ ఎరుపు చేసే పనుల్లో ఒకటని అంటారు. ఉగాదికి ముందు వెనుకల రావి రాగి రంగులో, ఇప్ప ముదురు తామ్ర వర్ణంలో, వేప ఊదా కలిసిన ఎరుపులో చిగురిస్తాయి. రాలే ముందే ఎర్రబడాలి అని పట్టుబట్టేవారికి బాదం చెట్టు ఉండనే ఉంది. మాఘమాసంలో దాని పెద్ద ఆకులు ఒక్కొక్కటీ మేపుల్‌కు తీసిపోకుండా ఎర్రబడతాయి. అయితే దాని ఆకులు ఊడ్చడం ఇల్లాలికి పెద్ద పని, కాబట్టి వాకిట్లో వద్దు, పెరట్లో మేలు.

తవ్విన గుంత వృథా కాకుండా మా పెద్దమనిషికి కానుగ నాటమని చెప్పాను. ఫాల్గుణంలో ఆకు రాల్చినా కొద్ది వారాల్లోనే లేత ఎరుపు చిగురు వేసి, ఎండలు ముదిరే వేళకు ముదురు ఆకుపచ్చ నీడ నిలుపుతుంది. గరుసు నేలకు, సున్నం నేలకు వెనుదీయదు. మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు పోస్తే ఆ పైన తన దారి తాను చూసుకుంటుంది. ఆయన కొంచెం నిరాశతో, "కానుగ మా ఊళ్లో గట్టు గట్టుకూ ఉంది కదప్పా, దానికి డబ్బెందుకు?" అన్నారు. అవసరం లేదనే చెప్పాను. తొలకరి పడగానే పొలం గట్టు కింద మొలిచిన మొక్కనొకటి మట్టిగడ్డతో సహా పెళ్లగించి తెస్తానని ఒప్పుకున్నారు.