బియ్యం కోసం వచ్చినవాళ్లయితే ఎప్పుడో వెళ్లిపోయేవాళ్లు

దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా మీద తీర్పు వచ్చిన ప్రతిసారీ ఒక పాత నింద లేస్తుంది, బియ్యం కోసం మతం మారినవాళ్లని. క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు, 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పాక సోషల్ మీడియాలో మళ్లీ అదే పాట.

ఒంగోలు చరిత్ర చూడండి. 1876-78 నాటి ధాత కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సద్దుమణిగాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. ఎక్కువమంది మాదిగలు. ఏం పోగొట్టుకోబోతున్నారో వాళ్లకు బాగా తెలుసు. ఆదివారం పనికి రాననీ, చచ్చిన గొడ్డును తిననీ, జాతరలో డప్పు కొట్టననీ మాదిగ అంటే ఊరు ఊరుకుంటుందా? నీళ్లు ఆపారు, సరుకులు ఆపారు. అయినా చాలామంది వెనక్కి పోలేదు.

ఇప్పుడు ఒత్తిడి ఊరి పెద్దల నుంచి కాదు, సర్టిఫికెట్ నుంచి వస్తోంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన మాలకీ మాదిగకీ మన రెండు రాష్ట్రాల్లో మిగిలింది బీసీ-సీ, అంటే మతం మారిన ఎస్సీల కోసం వెనుకబడిన తరగతుల్లో పెట్టిన గ్రూపు, దానికి 1 శాతం రిజర్వేషన్. లాభం చూసుకునే జనమే అయితే డెబ్బై అయిదేళ్లలో చర్చిలు ఖాళీ అయిపోవాలి కదా!

ఆదివారం చర్చికి, సోమవారం హిందూ సర్టిఫికెట్‌తో ఆఫీసుకి వెళ్లేవాళ్లు లేరా అంటారు. ఉన్నారు. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని సుప్రీంకోర్టు అంది. పిల్లాడి ఇంజినీరింగ్ సీటు కోసం కాగితం మీద దాచి, గుండెల్లో దాచనివాణ్ని నేను మాత్రం పిరికివాడనను. అతన్ని ఆ ఇరకాటంలోకి నెట్టింది చట్టమే. రెడ్డిగారు బాప్తిస్మం తీసుకుంటే సర్టిఫికెట్‌లో పోయేదేమీ లేదు. విశ్వాసానికి ఖరీదు కట్టేది గూడెంలో మాత్రమే.

అయితే ఈ పాపంలో చర్చికీ వాటా ఉంది. మతం మారాక కూడా అంతే స్థాయి వివక్ష ఉందని చూపించమని సుప్రీంకోర్టు 1985లోనే, సూసై అనే దళిత క్రైస్తవుడు వేసిన కేసులో అడిగింది. రుజువు కోసం పెద్ద కమిషన్లెందుకు? పెళ్లి సంబంధాల ప్రకటనల్లో ‘రెడ్డి క్రిస్టియన్’, ‘కమ్మ క్రిస్టియన్’ కావాలని బాహాటంగా అడుగుతున్నారు. ఎస్సీ హోదా కోసం ఢిల్లీలో ధర్నాలు చేసే చర్చి పెద్దలు ఆ సంబంధాలకు ఆశీర్వాద ప్రార్థన చేయడం మానేస్తే, వాళ్ల వాదన నేను ఇంకాస్త శ్రద్ధగా వింటాను.