ఆ ఆరుగురి సంగతి చెప్పండి

పెట్టుబడి అడుగుతూ స్టార్టప్ ఫౌండర్ ఇచ్చే పిచ్ మొదలై నాలుగు నిమిషాలు కాకముందే అతను తన ఫోన్‌ను టేబుల్ మీదుగా ఇన్వెస్టర్ వైపు జరుపుతాడు. "ఈ వ్యక్తిత్వ పరీక్ష మీరే ఒకసారి చేసి చూడండి సార్, ఇరవై ప్రశ్నలే." ఆయన చేస్తాడు. తెర మీద ఆయన గురించి ఒక పేరా వస్తుంది. మీరు పైకి ధీమాగా కనిపిస్తారు గానీ, తీసుకున్న నిర్ణయం సరైనదేనా అని లోలోపల మథనపడతారు. మీలో ఇంకా వాడుకోని సత్తా చాలా ఉంది. ఇన్వెస్టర్ నవ్వేసి పక్కాయనకు చూపిస్తాడు. "అచ్చం నేనే!" ఆ తర్వాత వచ్చే స్లయిడ్లన్నీ ఇక లాంఛనమే.

వ్యక్తిత్వ పరీక్షలతో మనుషులను ఏరిపెడతామనే కొత్త స్టార్టప్‌లకు ఈ డెమోను మించిన అస్త్రం లేదు. దీన్ని మించిన మోసం కూడా లేదని మా అభిప్రాయం. కావాలని చేసే మోసం అనడం లేదు. ఫౌండర్ కూడా ఆ పేరా చదివి "అచ్చం నేనే" అనుకున్నవాడే. అందుకే ఉన్న ఉద్యోగం వదిలేసి ఇందులోకి దిగాడు.

ఆ మాట ఎంత చౌకో 1948లోనే తేలిపోయింది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్ తన క్లాసులోని 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారి చేతికిచ్చి, ఎంతవరకు సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 పడ్డాయి. అసలు సంగతేమిటంటే, అందరికీ ఇచ్చిన కాగితం ఒక్కటే. అందులోని వాక్యాలను ఆయన ఎక్కువగా ఒక జ్యోతిషం పుస్తకంలోంచి ఏరాడు. వారఫలాలు అచ్చువేసే వృత్తిలో ఉంటూ ఈ కథ చెప్పడం మాకు కాస్త ఇబ్బందే అనుకోండి.

అంటే డెమో బాగుందన్నది రుజువు కాదు. తన గురించి రాసింది చదివి మనిషి తలూపడం వేరు, ఆ మనిషి ఆరు నెలల తర్వాత పని ఎలా చేస్తాడో ముందే చెప్పడం వేరు. కంపెనీ డబ్బిచ్చి కొనేది రెండోదాన్ని.

అలాగని ఈ పరీక్షలన్నీ బూటకమని కొట్టిపారేయడం కూడా తప్పే. గుడ్డి కన్నా మెల్ల నయం. ఎంత నయమో చెప్పడానికి దశాబ్దాల పరిశోధన ఉంది. మనిషి స్వభావాన్ని అయిదు కొలతల్లో చూసే 'బిగ్ ఫైవ్' పద్ధతిని మనస్తత్వ శాస్త్రం చాలావరకు అంగీకరిస్తుంది. కొత్తదనం మీద ఆసక్తి, బాధ్యతగా పద్ధతిగా ఉండే గుణం, నలుగురిలో కలిసే తత్వం, సర్దుకుపోయే గుణం, ఆందోళన పడే తీరు అన్నవి ఆ అయిదు. వీటిలో బాధ్యతగా ఉండే గుణానికి దాదాపు అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో సంబంధం ఉందని 1991లో బారిక్, మౌంట్ అనే పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి తేల్చారు.

ఆ సంబంధం ఎంత? సున్నా అంటే ఏమీ లేదని, 1 అంటే పూర్తిగా ఉందని అనుకుంటే, 1998లో ష్మిట్, హంటర్ 85 ఏళ్ల పరిశోధనలను క్రోడీకరించి ఈ గుణానికి 0.31 ఇచ్చారు. 2022లో శాకెట్, ఆయన సహచరులు పాత లెక్కల్లో సవరణలు మరీ ఉదారంగా జరిగాయని చూపించాక అది 0.2 దగ్గరికి దిగింది. అదే లెక్కలో, అందరినీ ఒకే ప్రశ్నలు ఒకే వరుసలో అడిగి ఒకే కొలబద్దతో మార్కులు వేసే ఇంటర్వ్యూకు 0.42 వచ్చింది.

0.2 అంటే చేతికి తగిలేలా చెప్పుకుందాం. దరఖాస్తు పెట్టినవారిలో సగం మంది బాగా పనిచేయగలవారే అనుకోండి. కళ్లు మూసుకుని 100 మందిని తీసుకుంటే వారిలో 50 మంది పనికొస్తారు. ఈ పరీక్షలో పైసగంలో వచ్చినవారిలోంచి 100 మందిని తీసుకుంటే 56 మంది పనికొస్తారు. అంతే. వందకు ఆరుగురు ఎక్కువ.

మా దృష్టిలో పిచ్ మొత్తం ఈ ఆరుగురి చుట్టూ తిరగాలి. కానీ స్లయిడ్ల మీద ఆరుగురు ఎక్కడా కనబడరు. తొంభై ఎంతో శాతం 'కచ్చితత్వం' కనబడుతుంది. దేనితో పోల్చి అంత కచ్చితమో ఉండదు. 'సరిపోలిక' అనే మాటకు పక్కన ఆకుపచ్చ వృత్తం ఉంటుంది.

ఆరుగురు అని చెబితే డబ్బు పుట్టదని ఫౌండర్ల భయం. నిజానికి ఆ అంకెలోనే వ్యాపారం ఉంది. ఒకే రకం పనికి ఏటా వేల మందిని తీసుకునే సంస్థ ఉందనుకోండి. కాల్ సెంటరో, గోదామో, పెద్ద దుకాణాల గొలుసో. అక్కడ వందకు ఆరుగురంటే వెయ్యికి అరవై మంది. చేరిన మూడో వారానికే మానేసేవారు, మళ్లీ ప్రకటన, మళ్లీ శిక్షణ, ఆ ఖర్చంతా తగ్గుతుంది. ఇది మంచి బేరం. అదే ఏడాదికి ముగ్గురిని తీసుకునే పదిమంది ఆఫీసుకు ఈ పరీక్ష ఏ మేలూ చేయదు. ముగ్గురి విషయంలో 50కీ 56కీ తేడా ఎవరి కంటికీ ఆనదు. మరి తొలిదశ స్టార్టప్‌కు మొదట దొరికే కస్టమర్లు ఎవరు? ఫౌండర్ స్నేహితులు నడిపే అలాంటి పదిమంది ఆఫీసులే. ఆ ముగ్గురిలో ఇద్దరు బాగా కుదిరితే వాళ్ల మెచ్చుకోలు మాట పెద్ద అక్షరాల్లో స్లయిడ్ ఎక్కుతుంది. పని జరగని చోటి నుంచి పని జరిగిందన్న సాక్ష్యం వస్తుందన్నమాట.

ఇన్వెస్టర్లు తప్పకుండా అడిగే ఇంకో ప్రశ్న, "రేపు ఇంకొకడు ఇదే చేస్తే?" దీనికి చాలామంది తమ ప్రశ్నావళి ప్రత్యేకమైనదని చెబుతారు. ప్రశ్నలు ఎవరి సొత్తూ కావు. ఇంటర్నేషనల్ పర్సనాలిటీ ఐటమ్ పూల్ పేరుతో 3,000కు పైగా వాక్యాలు అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. చదువుకున్న కుర్రాడు వారంలో యాప్ కట్టేయగలడు. 'శాస్త్రీయం' అన్న ముద్ర కూడా బిగ్ ఫైవ్ పరిశోధకులు సంపాదించిపెట్టినదే. దాన్ని తన ఖాతాలో వేసుకోవడం చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమే. ఇక మనుషులను పదహారు రకాలుగా విడదీసే నాలుగక్షరాల మయర్స్-బ్రిగ్స్ పరీక్ష సంగతి చెప్పనక్కర్లేదు. దాన్ని అమ్మే సంస్థే ఉద్యోగుల ఎంపికకు వాడొద్దంటోంది.

ఇంకొకడు ఎత్తుకుపోలేనిది ఒక్కటే. ఫలానా పనిలో ఫలానా జవాబులిచ్చినవారు ఏడాది తర్వాత నిజంగా ఎలా పనిచేశారన్న లెక్క. దాన్ని సంపాదించే పద్ధతి ఒకటుంది, ఓపిక కావాలి. ఒక కంపెనీలో ఒకే పనికి వచ్చే అభ్యర్థులందరికీ పరీక్ష పెట్టాలి. ఫలితాన్ని ఎవరికీ చూపకుండా కట్టగట్టి దాచేయాలి. కంపెనీ తన పాత పద్ధతిలోనే మనుషులను తీసుకోవాలి. ఆరు నెలలకో ఏడాదికో వారి పనితీరు మార్కులు తెచ్చి, అప్పుడు కట్ట విప్పి పక్కపక్కన పెట్టి చూడాలి. 0.2 స్థాయి సంబంధం కాకతాళీయం కాదని ధీమాగా చెప్పాలంటే దాదాపు 200 మంది కావాలి. ముందే కట్ట విప్పి తక్కువ మార్కుల వాళ్లను పంపించేస్తే, వాళ్లు ఎలా పనిచేసి ఉండేవారో ఇక ఎవరికీ తెలియదు. పరీక్ష తప్పని తేల్చగలిగిన సాక్షులందరూ గుమ్మం దగ్గరే ఆగిపోతారు.

ఏడాదిన్నరకు సరిపడా డబ్బుతో నడిచే సంస్థకు ఏడాదిపాటు కట్ట విప్పకుండా కూర్చోవడం కష్టమే. మేం ఒప్పుకుంటాం. అందుకే తొలిదశ పెట్టుబడిని ఆ పనికే అడగాలంటున్నాం. "మా దగ్గర ఇంకా రుజువు లేదు, రుజువు తెచ్చుకోవడానికి ఇంత కావాలి, ఈ కంపెనీ మాకు 200 మందిని ఇస్తానంది" అని చెప్పే పిచ్‌కు మేమైతే రెండోసారి మీటింగ్ ఇస్తాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పదిలక్షల మంది అభ్యర్థుల గ్రాఫ్ గీసుకొచ్చేవారి కన్నా ఇది నయం.

ఇంతసేపూ ఆ గదిలో లేని మనిషి ఒకరున్నారు. రాత్రి పదకొండింటికి మంచం అంచున కూర్చుని ఫోన్‌లో ఉద్యోగ పరీక్ష 47వ ప్రశ్న దగ్గర ఆగిపోయిన అమ్మాయి. 'పని గడువు దాటితే నాకు నిద్ర పట్టదు.' పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి అసలు ఒప్పుకోను దాకా అయిదు గుండ్రాలు. నిజం చెప్పాలంటే నిద్ర పడుతుంది. కానీ ఒప్పుకుంటే బాధ్యత గలదాననుకుంటారా, టెన్షన్ పడే మనిషిననుకుంటారా? ఆమె మొదటి గుండ్రం నొక్కి, మళ్లీ వెనక్కి వచ్చి రెండోది నొక్కింది. ఆ ఒక్క వేలి కదలిక కింద ఉన్నది ఆమె స్వభావం కాదు, ఆమెకు ఆ ఉద్యోగం ఎంత అవసరమన్నది.

ఉద్యోగం కోసం చేసే పరీక్షలో జనం తమను తాము కాస్త బాగా చూపించుకుంటారన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిందే. దానికి విరుగుడుగా రెండు మంచి లక్షణాలను పక్కపక్కన పెట్టి ఒక్కటే ఎంచుకోమనే పద్ధతి వచ్చింది. కొంత ఉపయోగం ఉంది. అయితే అప్పుడు ఒకే మనిషిలో ఏ లక్షణం ముందో తెలుస్తుంది గానీ, మనుషులను ఒకరితో ఒకరిని పోల్చడం ఇంకో చిక్కు అవుతుంది. ఈ ముడి గురించి ఏమీ తెలియకుండా పిచ్‌కు వచ్చిన ఫౌండర్‌ను ఇన్వెస్టర్ ఇంటికి పంపించేయడమే మంచిది.

చట్టం గురించి పిచ్‌లో మహా అయితే ఒక చిన్న లైను ఉంటుంది. అది చాలదు. పైకి అందరికీ ఒకేలా కనిపించే పరీక్షయినా, పనితో సంబంధం లేకుండా ఒక వర్గాన్ని వడపోస్తే చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1971లో గ్రిగ్స్ వర్సెస్ డ్యూక్ పవర్ కేసులో చెప్పింది. 1978 మార్గదర్శకాల్లో దానికో మోటు కొలత కూడా పెట్టారు. ఒక వర్గంలో నూటికి 50 మంది ఎంపికవుతుంటే ఇంకో వర్గంలో 40 మందికి తగ్గితే అనుమానించాల్సిందే. 2005లో అక్కడి అప్పీళ్ల కోర్టు, మానసిక రుగ్మతలను పట్టడానికి పనికొచ్చే ఎంఎంపీఐ ప్రశ్నావళిని ప్రమోషన్లకు వాడటం వైద్య పరీక్ష కిందికే వస్తుందని తేల్చింది. న్యూయార్క్ నగరం 2023 జులై నుంచి ఆటోమేటిక్‌గా ఏరే పరికరాలకు ఏటా పక్షపాతంపై ఆడిట్ తప్పనిసరి చేసింది. యూరప్ సమాఖ్య 2024లో తెచ్చిన కృత్రిమ మేధ చట్టం నియామకాల పరికరాలను 'హై రిస్క్' వర్గంలో చేర్చింది. వీడియోలో ముఖం చూసి గుణం చెబుతామన్న హైర్‌వ్యూ సంస్థ విమర్శల తర్వాత ముఖ విశ్లేషణను తనంతట తానే ఆపేసినట్టు 2021లో ప్రకటించింది. పెద్ద సంస్థలే వెనక్కి తగ్గిన దారిలో చిన్న సంస్థ కొత్తగా ఉత్సాహంతో నడుస్తుంటే, ఆ సంగతి దానికి తెలుసో లేదో అడగాల్సింది డబ్బు పెట్టేవారే.

ఆ అమ్మాయికి ఏం దక్కుతుందన్నది కూడా వారే అడగాలి. చాలా చోట్ల ఆమెకు వచ్చేది 'మీ ఆసక్తికి ధన్యవాదాలు' అనే మెయిల్ మాత్రమే. ఆమె గురించి రాసిన నివేదిక కంపెనీకి వెళుతుంది, ఆమెకు రాదు. తన గురించి మెషీన్ ఏమందో చూసుకునే వీలు, అది తప్పనిపిస్తే ఒక మనిషితో మాట్లాడే వీలు ఉండటం దయాదాక్షిణ్యాల సంగతి కాదు. దానికయ్యే ఖర్చు స్టార్టప్ బడ్జెట్‌లో మొదటి నుంచీ కనబడాలి. ఒక కంపెనీ కోసం ఇచ్చిన జవాబులను ఇంకో కంపెనీకి చూపడం ఆమెను అడక్కుండా జరగకూడదు. ఒకసారి తక్కువ మార్కులొచ్చిన మనిషి వెళ్లిన ప్రతి తలుపు దగ్గరా అవే మార్కులు ముందుగా చేరి కూర్చుంటే, దాన్ని నియామకం అనలేం.

ఇంకొక్క విషయం, పిచ్‌లో ఎవరూ ఎత్తనిది. తొలిదశ స్టార్టప్‌లలో చాలావరకు నిలబడవు. మూతపడ్డ రోజున కుర్చీలు, కంప్యూటర్లు పోగా అమ్ముకోవడానికి మిగిలేది ఏమిటి? వేల మంది నిద్ర గురించి, కోపం గురించి, గడువుల గురించి ఇచ్చిన జవాబులు, వాటి పక్కనే వారి పేర్లు, ఫోన్ నంబర్లు. మొదటి విడత సొమ్ము చేతులు మారే ముందే ఒప్పందంలో ఒక షరతు చేర్చాలని మేం కోరుతున్నాం. సంస్థ మూతపడితే 30 రోజుల్లో ఆ జవాబులన్నీ చెరిపేయాలి, వాటిని ఆస్తిగా లెక్కగట్టి ఎవరికీ అమ్మకూడదు. ఈ షరతుకు ఒప్పుకోని ఇన్వెస్టర్ తాను ఏం కొంటున్నానని అనుకుంటున్నాడో ఫౌండర్ ఆ గదిలోనే అడిగేయవచ్చు.