మందుబిళ్లకూ మందలింపుకూ మధ్య

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏ ఫిజీషియన్ ఆసుపత్రిలో కాసేపు కూర్చున్నా ఒక తరహా రోగి కనిపిస్తాడు. గుండె దడ, అరచేతుల్లో చెమట, కడుపులో మంట, నెలల తరబడి సరిగా పట్టని నిద్ర. ఈసీజీ, టూడీ ఎకో అవుతాయి. కొందరికి ఎండోస్కోపీ కూడా అవుతుంది. రిపోర్టులన్నీ నార్మల్. చివరికి గ్యాస్ మాత్రలు రాసి, ‘టెన్షన్ తగ్గించుకోండి’ అని పంపిస్తారు. ఎలా తగ్గించుకోవాలో నేర్పే మనిషి ఎక్కడ దొరుకుతారన్నది మాత్రం ఆ చీటీలో ఉండదు.

మనసు బాగాలేనివారు చికిత్సకు ఎందుకు వెళ్లరని అడిగితే, పరువు అడ్డం అని ఠక్కున చెబుతాం. నిజమే, కానీ సగమే. పరువే అసలు కారణమైతే ఈ రెండు ఊళ్లలో సైకియాట్రిస్టుల ఓపీలు ఖాళీగా ఉండాలి. అవి ఖాళీగా లేవు. (బోర్డు మీద ‘మానసిక వ్యాధుల’ కంటే ముందు ‘నరాల’ అని రాసి ఉండటం మొహమాటపడేవారికి కొంత సాయం చేస్తూ ఉండవచ్చు.) నా దృష్టిలో అసలు చిక్కు వేరే ఉంది. సాయం అంటే మనకు తెలిసినవి రెండే రూపాలు: మాత్ర, లేదా మందలింపు. మాత్ర డాక్టరు ఇస్తాడు. మందలింపు పెదనాన్న ఇస్తాడు, మేనమామ ఇస్తాడు, లెక్చరర్ ఇస్తాడు. ‘నీకేం తక్కువరా? మా రోజుల్లో మేం పడ్డ కష్టాల ముందు ఇవెంత?’ ఇస్తున్నది ప్రేమతోనే, అందులో అనుమానం లేదు. కానీ రెండు చోట్లా చెప్పేది అవతలివారే. బాధపడుతున్న మనిషి ఎప్పుడూ తలూపుతూ వినేవాడే.

థెరపీలో, అంటే మాటలతో చేసే మానసిక చికిత్సలో, ఈ వరుస తిరగబడుతుంది. వారానికొకసారి, ముప్పావు గంటో అంతకంటే కొద్దిగా ఎక్కువో, ఎదుటి వ్యక్తి వింటాడు. ఊరికే వినడు, వింటున్నదానిలో పదే పదే వచ్చే ముడి ఎక్కడుందో పట్టుకుంటాడు. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ ఉద్యోగానికి వచ్చే ఒకాయనకు కనకదుర్గ వారధి మీద బస్సులో ఉండగా ఒక్కసారిగా దడ వచ్చింది. గుండెపోటే అనుకున్నాడు. కాదని డాక్టరు చెప్పినా మర్నాడు బస్సెక్కలేదు, రైలెక్కాడు. కొన్నాళ్లకు రైలులోనూ అదే భయం. ఆ తర్వాత తోడు లేకుండా కదలడం మానేశాడు. తప్పించుకున్న ప్రతిసారీ అప్పటికి ప్రాణం తెరిపినపడుతుంది. ఆ తెరిపే భయాన్ని మేపుతుంది. ‘వెళ్లకపోబట్టే బతికాను’ అని మనసు లెక్క రాసుకుంటుంది. ‘ధైర్యంగా ఉండు’ అన్న మాట ఈ లెక్కను చెరపలేదు. ఆలోచననూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ చేసే సైకాలజిస్టు అయితే ముందు ఆ దడ ఎలా పుడుతుందో, ఎందుకు దానంతటదే దిగిపోతుందో వివరిస్తాడు. తర్వాత దగ్గరి స్టాపు వరకు, ఆపైన వారధి మొదటి వరకు, చివరికి ఒంటరిగా నది దాటేవరకు మెట్టు మెట్టుగా నడిపిస్తాడు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఇంట్లో చేయాల్సిన అభ్యాసం ఉంటుంది. ఈ పద్ధతికి సాధారణంగా 12 నుంచి 20 సిట్టింగులు పడతాయి. ఇందులో మహిమ ఏమీ లేదు, మెల్లగా సాగే పని మాత్రమే. మొదటిసారి వెళ్లివచ్చి ‘మాట్లాడించాడు తప్ప ఏం చేశాడు?’ అని మానేసేవారు ఎక్కువగా ఉండటానికి కారణం కూడా ఆ మెల్లదనమే. మాత్రలు అవసరమైన జబ్బులు ఉన్నాయి, వాటికి సైకియాట్రిస్టు కావాలి. చాలామందికి రెండూ కలిపి ఇవ్వాల్సి వస్తుంది.

అలాగని థెరపీకి లేని శక్తిని అంటగట్టనక్కరలేదు. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే, యార్డులో మిర్చి ధర పడిపోతే, భర్త తాగి కొడుతుంటే వాటికి పరిష్కారం ఆ గదిలో దొరకదు. కొట్టే భర్తతో సర్దుకుపొమ్మని చెప్పేవారు దొరికితే అది థెరపీయే కాదు.

ఇక మన ఊళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఇవి మరీ చిన్నవి కావు, మనిషి జనంలో కలిసిపోయేంత పెద్దవీ కావు. గుంటూరు బ్రాడీపేటలో క్లినిక్ మెట్లు దిగుతుంటే వియ్యాలవారి బంధువు ఎదురుపడవచ్చు. అందుకే గుంటూరువారు విజయవాడకు, విజయవాడవారు హైదరాబాద్‌కు వెళ్లాలని చూస్తారు. ప్రతి వారం వెళ్లాల్సిన చికిత్సకు ఇంత దూరం పనికిరాదు. ఫోనులో వీడియో సిట్టింగులు దీన్ని తీర్చాయని అంటారు గానీ, రెండు పడకగదుల ఫ్లాటులో అత్తగారి గురించి అత్తగారికి వినపడకుండా మాట్లాడే చోటేదీ? మేడమీదకో, పార్కింగులో ఆపిన కారులోకో వెళ్లాలి.

ఎవరి దగ్గరకు వెళ్లాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. క్లినికల్ సైకాలజిస్టుకు 1992 నాటి చట్టం ప్రకారం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉండాలి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం చాలాకాలం ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ రంగాన్ని కూడా తన పరిధిలోకి తెచ్చింది, ఆచరణలో దాని ఫలితం ఇంకా కనపడాలి. ఈలోగా వారం రోజుల కోర్సు చేసినవారూ, ప్రేరణ ఉపన్యాసకులూ, జ్యోతిషంతో కలిపి కౌన్సెలింగ్ ఇచ్చేవారూ బోర్డులు పెట్టేశారు. ఏం చదివారు, ఎక్కడ నమోదయ్యారు అని అడగడం అమర్యాద కాదు. జవాబు చెప్పడానికి చిరాకుపడే మనిషి దగ్గర లేచి వచ్చేయవచ్చు.

డబ్బు సంగతి దాచలేం. వారం వారం ఫీజు కట్టడం నెల జీతగాడికి బరువే. మానసిక అనారోగ్యానికి శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. కానీ మన పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే డబ్బిచ్చేవి. కూర్చుని మాట్లాడి వచ్చే చికిత్సకు ఎవరూ ఆసుపత్రిలో చేరరు గనుక ఆ సమానత్వం కాగితం దిగలేదు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నవారు అపాయింట్‌మెంట్ల కోసం ఆగకుండా వెంటనే చేయాల్సిన ఫోను ఇది.

పోరంకి, నిడమానూరు, గూడవల్లి చుట్టూ హాస్టళ్లు నింపుకున్న మన జూనియర్ కాలేజీల విషయం మరింత తక్షణం చూడాల్సినది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలంది. మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడగొట్టవద్దని కూడా అంది. నియామకం చేసి చూపించడం యాజమాన్యాలకు కష్టం కాదు. కానీ జీతమిచ్చేది యాజమాన్యం, పిల్లవాడి గోడు తరచు ఆ యాజమాన్యం పెట్టే ఒత్తిడి గురించే. చెప్పుకున్న మాట సాయంత్రానికి ప్రిన్సిపాల్‌కు, రాత్రికి తండ్రికి చేరుతుందని ఒక్కరికి తెలిస్తే చాలు, హాస్టల్ మొత్తం ఆ గది వైపు వెళ్లడం మానేస్తుంది. అందుకే తనిఖీకి వచ్చే అధికారులు నియామకపత్రం చూసి సంతకం పెట్టి వెళ్లకూడదు. కౌన్సెలర్‌కు విడిగా గది ఉందా, అదే మనిషితో అటెండెన్సు, ఫీజు వసూలు పనులు కూడా చేయిస్తున్నారా, పిల్లలు చెప్పినది రాసుకున్న నోట్సు ఎవరి బీరువాలో ఉంటోంది, ఆ తాళం ఎవరి దగ్గరుంది అన్నవి కూడా చూడాలి.