గుంటలు లేని గుంటల చరిత్ర

గుహ పేరు పెట్టుకున్న ఊరేదైనా ఆ గుహనే పోగొట్టుకుందంటే లోకం నోరెళ్లబెడుతుంది. తిరుపతి వాళ్లం మాత్రం చలించం. ఒక్క గుహకే ఇంత హడావిడా? మేము వరసపెట్టి నీళ్ల గుంటలే పోగొట్టుకున్నాం. కొర్లగుంట, తాతయ్యగుంట... ఆటోవాడికి చెబితే సరిగ్గా దించుతాడు. దిగాక గుంట యాడుందప్పా అంటే, "నువ్ నిలబడిందే!" అంటాడు.

ఇది ఒక్క రాత్రిలో సాధించింది కాదు, తరాల కృషి. మొదట గట్టు మీద చెత్త పడుతుంది. చెత్త ఎలాగూ ఉంది కదాని ఇల్లు పడగొట్టినోళ్లు ఇటుక ముక్కలు ట్రాక్టరుతో తోలతారు. కొన్నాళ్లకు నాలుగు రాతి కూసాలు, వాటి మీద రేకులు, రేకుల కింద ఒక ఎనుము, అదే గేదె. ఎనుము చీకట్లో ఉండలేదు కాబట్టి దానికి కరెంటు మీటరు. మీటరు వెనకే ఇంటిపన్ను రసీదు, రసీదు వెనకే లింకు డాక్యుమెంటు. చివరికి ఎనుమును అమ్మేసి మూడంతస్తులు లేపుతారు. ఇంత పద్ధతిగా జరిగినదాన్ని ఆక్రమణ అనడం అన్యాయం.

చట్టాలు లేవా అంటారేమో. భేషుగ్గా ఉన్నాయి. చెరువులు, కుంటలు ఊరందరివి, కాపాడాల్సిందేనని 2001లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడాదే మన రాష్ట్రం నీళ్లను, భూమిని, చెట్లను కాపాడే వాల్టా చట్టం తెచ్చింది. రెండూ ఫైళ్లలో తడి తగలకుండా భద్రంగా ఉన్నాయి.

తాతయ్యగుంట సంగతి వేరు. అక్కడ గుంట పోయినా గంగమ్మ తల్లి కదల్లేదు. ఏటా జాతరలో వేషాలు కట్టి బూతులు తిట్టడం మా ఆచారం. అన్ని తిట్లు గాల్లో కలిసిపోతున్నాయే అని నా బాధ. ఒక్కో తిట్టుకు ఒక్కో సర్వే నంబరు కేటాయిస్తే ఎంత బావుంటుంది!

2021 నవంబరు వానలను చూపించి గుంటలు పూడ్చకూడదని వాదించే మేధావులున్నారు. నిజమే, శేషాచలం నీళ్లు కపిలతీర్థం దగ్గర హోరెత్తాయి, ఘాట్ రోడ్లు మూతపడ్డాయి, ఊళ్లో బైకులు మునిగాయి. కానీ అదే వారంలో రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ పడి ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. అంటే ఉన్న చెరువు జనాన్ని టెన్షన్ పెట్టింది. లేని గుంట ఏ కట్టా తెంచుకోలేదే! ముంచినా దాని మీద కేసు పెట్టడానికి అది ఉండాలి కదా.

ఎండాకాలంలో ఇవే వీధుల్లోకి నీళ్ల ట్యాంకరు వస్తుంది. నీలం డ్రమ్ములు వరసగా పెట్టి, పైపు మాకంటే మాకని కొట్టుకుంటారు. వానాకాలంలో డబ్బులడక్కుండా ఇంట్లోకే వచ్చిన నీళ్లను మాత్రం బకెట్లతో బయటికి తోస్తారు. ఇదెక్కడి మర్యాద?

కాబట్టి అధికారులకు నాదొక మనవి. వచ్చే నవంబరులోపు వాననీళ్లకు నోటీసివ్వాలి. ఏడు రోజుల్లోగా పట్టా, లింకు డాక్యుమెంటు, తాజా ఇంటిపన్ను రసీదు చూపించాలి. లేదంటే కొండ దిగకూడదు.