కోటను నిలబెట్టేది కాపురాలే

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి రేవుకు ఎదురుగా సముద్రంలో ఉన్న సువోమెన్‌లిన్నా కోటకు వెళ్లాలంటే ప్రత్యేక టికెట్ అక్కర్లేదు. ఊళ్లో ట్రామ్‌కూ మెట్రోకూ చెల్లే టికెట్టే ఆ పడవకూ చెల్లుతుంది. మార్కెట్ చౌక్ దగ్గర ఎక్కితే పావుగంటలో ద్వీపం మీద దిగుతారు. కోటలోకి వెళ్లడానికి ప్రవేశ రుసుము లేదు. సాయంత్రం అయిందంటూ ఈల వేసి బయటికి తోలే కాపలాదారు లేడు. ఎందుకుంటాడు? లోపల సుమారు 800 మంది కాపురాలు చేసుకుంటున్నారు. అది వాళ్ల ఊరు. ఈ ఒక్క సంగతి మన పురావస్తు, పర్యాటక శాఖలకు ఎక్కితే గోల్కొండ, ఖిలా వరంగల్ గతి మారిపోతుందని నా గట్టి నమ్మకం.

ఈ కోట కథ చాలామందికి తెలిసిందే. ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగంగా ఉన్న రోజుల్లో, రష్యా భయంతో 1748లో అగస్టిన్ ఎరెన్స్‌వార్డ్ అనే సైనికాధికారి దీని పని మొదలుపెట్టించాడు. పక్కపక్కనే ఉన్న ద్వీపాలను కలుపుకుంటూ కిలోమీటర్ల కొద్దీ గోడలు లేచాయి. యుద్ధ నౌకలు కట్టడానికి రాతిని తొలిచి డ్రై డాక్ తవ్వారు. ఎవరికీ లొంగదని పేరుపడ్డ జిబ్రాల్టర్ దుర్గంతో పోలుస్తూ ‘ఉత్తరాది జిబ్రాల్టర్’ అని యూరప్ అంతా చెప్పుకుంది. తీరా 1808లో రష్యా సేనలు చుట్టుముట్టేసరికి కోటాధిపతి క్రోన్‌స్టెట్ మే 3న తాళాలు అప్పగించేశాడు. శత్రువు గోడెక్కి లోపలికి దూకాల్సిన అవసరమే రాలేదు. 1855లో క్రిమియా యుద్ధంలో బ్రిటిష్, ఫ్రెంచి నౌకలు దీని మీద గుండ్ల వాన కురిపించాయి. 1918లో ఫిన్లాండ్ అంతర్యుద్ధంలో ఓడిన సోషలిస్టు ఎర్రదళాల వారిని వేల సంఖ్యలో ఇక్కడ బంధించారు. ఆకలితో, జబ్బులతో ఎంతోమంది ఇక్కడే ప్రాణాలు విడిచారు. యుద్ధ దుర్గంగా దీని చరిత్రలో చాటుకోదగ్గ విజయం ఒక్కటీ కనిపించదు.

ఈ కోట నిజంగా గెలిచింది 1973 తర్వాత. సైన్యం నుంచి పౌర పాలన కిందికి వచ్చినప్పుడు ప్రభుత్వం ముందు రెండు దారులున్నాయి. అందరినీ పంపించేసి గేటు పెట్టి మ్యూజియంగా మార్చడం ఒకటి, అందులో ఊరిని బతకనివ్వడం మరొకటి. వాళ్లు రెండోది ఎంచుకున్నారు. విద్యా మంత్రిత్వ శాఖ కింద ప్రత్యేక పాలక సంస్థను పెట్టి, పాత సైనిక నివాసాలను బాగుచేసి అద్దెకిచ్చారు. లైబ్రరీ, కిరాణా కొట్టు, పసిపిల్లల కేంద్రం నడుస్తున్నాయి. నౌకాదళ అకాడమీ కూడా అక్కడే ఉంది. 1991లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మనుషులు కాపురముంటున్నారని ఆ సంస్థ కాదనలేదు.

అక్కడ నడుస్తుంటే ముందుగా ఆకట్టుకునేవి ఫిరంగులు కావు. చేయి చాపినా అవతలి అంచు అందనంత మందపాటి గోడలో ఒక కిటికీ, ఆ కిటికీ అరుగు మీద పూలకుండీ, కింద తలుపు పక్కన ఆనించిన పిల్లల సైకిలు. ఇది నివాసుల పెరడు, లోపలికి రావద్దని మర్యాదగా చెప్పే చిన్న బోర్డు. సాయంత్రం పడవలో కెమెరాలు మెళ్లో వేసుకున్న పర్యాటకుల మధ్య కూరగాయల సంచీతో ఒక పెద్దావిడ, బడి సంచీతో ఒక కుర్రాడు కనిపిస్తారు. మనం కోటను చూసి వెనక్కి వెళుతుంటాం, వాళ్లు ఇంటికి వెళుతుంటారు. 1854లో రష్యా సైనికుల కోసం కట్టిన ఆర్థడాక్స్ చర్చి తర్వాత లూథరన్ చర్చిగా మారింది. దాని గుమ్మటం మీద దీపం ఇప్పటికీ ఓడలకు దారి చూపిస్తోంది. అక్కడ కట్టడాలకు వయసు మీద పడింది గానీ పని మాత్రం తప్పలేదు.

ఇక్కడే నా వాదన అంతా ఉంది. పాత కట్టడానికి మొదటి శత్రువు నీళ్లు. కాపురమున్న ఇంట్లో కప్పు కారితే ఆ రాత్రే తెలుస్తుంది, తెల్లారేసరికి ఫిర్యాదు వెళుతుంది. ఖాళీ మండపంలో అదే చెమ్మ ఏళ్ల తరబడి గోడ తాగుతుంది. సందులో రావి మొక్క మొలిచి, వేరు లావెక్కి, రాయి పక్కకు జరిగాక గానీ అధికారి కంట పడదు. అప్పుడు అంచనాలు, టెండర్లు, మరో వానాకాలం. సువోమెన్‌లిన్నాలో చలికాలం గదిని వెచ్చగా ఉంచుకునే అద్దెదారు తన ఇంటితో పాటు గోడను కూడా పొడిగా ఉంచుతున్నాడు. అతను కట్టే అద్దె మళ్లీ ఆ గోడల మరమ్మతుకే వెళుతుంది. ఒక్క నెల కూడా సెలవు పెట్టని కాపలా అది.

ఆ ద్వీపం మీద ఒక ఓపెన్ జైలు కూడా ఉంది. అక్కడి ఖైదీలు కోట మరమ్మతు పనులు చేస్తారు, చేసిన పనికి వేతనం తీసుకుంటారు. మనకూ చర్లపల్లిలో, అనంతపురం జిల్లాలో అలాంటి జైళ్లున్నాయి. ఖైదీల చేత వ్యవసాయం చేయిస్తున్నాం, పెట్రోలు బంకులు నడిపిస్తున్నాం, మంచిదే. డంగు సున్నం ఆడించడం, రాతి అతుకుల్లో గచ్చు నింపడం వాళ్లకు ఎందుకు నేర్పకూడదు? ఆ పని తెలిసిన మేస్త్రీల కోసం వెతుక్కోవలసిన రోజులివి. బయటికొచ్చాక చేతిలో అరుదైన పనితనం ఉన్న మనిషికి బతుకుతెరువు కష్టం కాదు.

ఎదుటి వాదన ఒకటుంది, అది బలమైనదే. జనం ఉంటే కట్టడం పాడవుతుందంటారు, రాజస్థాన్‌లోని జైసల్మేర్ కోటను చూపిస్తారు. నిజమే, ఆ కోటలో వేలమంది ఉంటున్నారు, మురుగునీరు కొండలోకి ఇంకి పునాదులు కదిలాయి, బురుజులు కూలాయి. కానీ కారణం సరిగ్గా చూడాలి. బిందెలతో మోసుకొచ్చిన నీళ్లతో శతాబ్దాల పాటు జనం ఉన్నా ఆ కొండ తట్టుకుంది. ఇంటింటికీ కుళాయి ఇచ్చి, వాడిన నీరు బయటికి పోయే సరైన దారి చూపించనప్పుడు దెబ్బతింది. తప్పు కాలువది, కాపురానిది కాదు. మరి శిక్ష ఎవరికి వేయాలి?

మన దగ్గర శిక్ష ఎప్పుడూ పేదవాడికే పడుతోంది. 2011 జులైలో హంపీ విరూపాక్ష బజారులో జరిగింది తెలుగువాళ్లు మరిచిపోకూడదు. ఆ రాతి మండపాల్లో బతుకుతున్న 300కు పైగా కుటుంబాలను బుల్డోజర్లతో ఖాళీ చేయించారు. రాయల కాలంలో ఆ వీధిని కట్టిందే బజారు కోసం. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ లేని బజారును కాపాడి ఎవరికి చూపించాలనుకున్నారు? ఆక్రమణదారులనే ముద్ర ఒకటి చేతిలో ఉంటే చాలు, తరాలుగా అక్కడే దీపం పెట్టుకున్న ఇంటిని గంటలో నేలమట్టం చేయొచ్చు. ఆ ముద్ర మాత్రం గుడిసెల మీద పడినంత సులువుగా పెద్ద గోడల మీద పడదు. గోల్కొండ నయా ఖిలా ఆవరణలో గోల్ఫ్ మైదానం నిశ్చింతగా నడుస్తూనే ఉంది.

ఖిలా వరంగల్‌కు వెళ్లండి. కాకతీయుల రాతి కోట గోడల లోపలే ఊరుంది. మధ్యకోట, పడమరకోట అంటూ జనం తమ వాడల పేర్లు చెబుతారు. కీర్తి తోరణాలకు కాస్త దూరంలోనే పొలాలు, పశువులు. యునెస్కో వెతికి మరీ మెచ్చుకునే సజీవ కోట మన చేతిలోనే ఉంది. అక్కడ మన చట్టం చేస్తున్నదేమిటి? పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత మరో 200 మీటర్లు నియంత్రణ. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా అనుమతి కావాలి. బహుళ అంతస్తుల భవనాలను ఆపడానికి ఆ నిబంధన ఉండాల్సిందే, నేనూ సమర్థిస్తాను. కానీ కారుతున్న కప్పు మార్చుకోవడానికి దస్త్రాల వెంట తిరగాల్సి వచ్చే మనిషికి ఆ కోట మీద ప్రేమ ఎలా మిగులుతుంది? రాతిగోడ తన శత్రువని అనుకునే స్థితికి మనమే అతన్ని నెడుతున్నాం.

జనం వదిలేస్తే ఏమవుతుందో చూడాలంటే బందరు కోటకు వెళ్లాలి. డచ్చివారు, ఫ్రెంచివారు, ఇంగ్లిషువారు పోటీపడిన చోటు అది. 1759లో ఇంగ్లిషు సేనాని కర్నల్ ఫోర్డ్ దాన్ని ఫ్రెంచివారి నుంచి గెలుచుకున్నాడు. 1864 తుపానులో సముద్రం ముంచెత్తి బందరు ప్రాంతంలో దాదాపు 30 వేల మందిని పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాత సైన్యం అక్కడి నుంచి వెళ్లిపోయింది. ఇవాళ మిగిలింది రక్షిత కట్టడమనే బోర్డు, కొన్ని మొండిగోడలు. బోర్డుకు కప్పు కారుతోందని తెలియదు.

గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, చార్మినార్‌లను 2010లోనే యునెస్కో తాత్కాలిక జాబితాలో పెట్టాం. పూర్తి దస్త్రం ఎప్పుడు పంపినా అందులో గుమ్మటాల కొలతలతో పాటు మరో మూడు కాగితాలుండాలని తెలంగాణ ప్రభుత్వాన్ని అడుగుతున్నాను: కోట గోడల లోపలి వాడల నుంచి మురుగు బయటికి వెళ్లే కాలువల నక్షా, నివాసులకు ఇళ్ల మీద రాతపూర్వక హక్కు, ఆ ఇళ్ల మరమ్మతుకు ప్రభుత్వం ఏటా ఇచ్చే సొమ్ము వివరం. వరంగల్‌కూ ఇవే కావాలి. కాలువ పని ముందు మొదలుపెట్టండి. వానాకాలం ఎవరి కోసమూ ఆగదు.